ఆరో సూది

ప్రేమానందం పళ్ళెం మీది గుడ్డ ఎత్తి చూసి, థూ అని పక్కకు ఉమ్మేశాడు.

మొన్న సాయంత్రం లారీ ఇంజను నుంచి ఆరు నాజిళ్ళు ఊడదీసి, వాటి సూదులు బయటికి లాగి, అన్నిటినీ పింగాణీ పళ్ళెంలో శుభ్రమైన డీజిలులో ముంచి పోయాడు. నిన్న ఆయుధపూజ, షెడ్డులో పని లేదు. ఈ రోజు వచ్చి చూస్తే డీజిలు ఎవరో పారబోశారు. సూదులు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ఒక్కొక్క దానికీ పసుపు పూసి, ఆవగింజంత కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పసుపు నీళ్ళు తగిలిన చోటల్లా రాత్రికి రాత్రే తుప్పు లేచింది.

నాజిలంటే వేలెడంత ఉక్కు గొట్టం. దాని లోపల అగ్గిపుల్లకంటే కాస్త లావుపాటి సూది ఆడుతుంది. గొట్టానికీ సూదికీ మధ్య వెంట్రుక దూరదు. అలా ఉంటేనే డీజిలు ఇంజనులోకి మంచులాగా చిమ్ముతుంది. చిమ్మకుండా చుక్కలు కారిందంటే పిస్టను కాలి కూర్చుంటుంది. అలాంటి చోట కుంకుమ దూరింది. ఛీ, ఏం మనుషులు! ముట్టుకోవద్దని గుడ్డ కప్పి పోతే, ఆ గుడ్డ ఎత్తి మరీ ముట్టుకున్నారు.

అతను కిరోసిను డబ్బా ముందుకు లాక్కుని ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. గేటు దగ్గర నిన్న పగలగొట్టిన బూడిద గుమ్మడికాయలు పులిసి ఈగలు ముసిరాయి. టైర్ల కింద నలిగిన నిమ్మకాయలు నల్లబడ్డాయి. గోడ పొడుగునా ఓనరు గంగాధరం ఉమ్మిన ఆకువక్క మరకలు. ఊడ్చే దిక్కు లేదు గానీ, ఇనుముకు మాత్రం అలంకారం చేశారు.

అతనికి ఈ పని మీద ప్రేమేమీ లేదు. యుద్ధం రోజుల్లో మిలిటరీ వర్కుషాపులో నేర్పితే నేర్చుకున్నాడు. యుద్ధం అయిపోయాక చిత్తూరు వచ్చి ఈ షెడ్డులో చేరి మూడేళ్ళయింది. గోళ్ళ సందుల్లో నలుపు బూడిదకూ పోదు, సీకాయకూ పోదు. ఇంట్లో తాయమ్మ పెట్టే సంగటి ముద్ద నోట్లో పెట్టుకుంటే ముందు డీజిలే తగులుతుంది. చంటిబిడ్డ అతను ఎత్తుకుంటే మొహం తిప్పుకుంటుంది. ఇంత రోత బతుకులోనూ ఒక్కటి మాత్రం పట్టుకుని ఉన్నాడు. తన చేతి నుంచి కారే నాజిలు ఒక్కటి కూడా ఇంతవరకు ఇంజను ఎక్కలేదు.

డ్రైవరు తిరుమలయ్య వచ్చి పళ్ళెంలోకి తొంగి చూశాడు.

"ఓర్నాయనో! ఎవురప్పా ఈ పని జేసింది?"

"నిన్న నేను ఈడ లేను గదా. నువ్వే చెప్పాల."

"ఇంకెవురు, ఓనరు వాళ్ళమ్మే, పెద్దమ్మ. ఓనరుకు చెప్పెయ్. లేదంటే నీ మీదికి వస్తాది. ఈ పొద్దు దశమి, బండి బెల్లం ఏసుకుని పాకాలకు పోయి తీరాలంటా ఉండాడు."

"ఎట్ట చెప్పేదప్పా? కిరస్తానపోడు పూజకు తప్పు పట్టినాడంటారు."

తిరుమలయ్య తల గోక్కుని వెళ్ళిపోయాడు. ప్రేమానందం ఒక్కొక్క సూదిని కిరోసినులో కడిగి, మెత్తటి కొయ్యపుల్లతో తుప్పు గీకి, మళ్ళీ కడిగాడు. కిరోసిను మూడుసార్లు మార్చినా అడుగున ఎర్రగానే తేలింది. కడిగిన సూదిని దాని నాజిలులో దూర్చి, బల్ల మీది టెస్టు పంపుకు బిగించి పిడి నొక్కాడు. కిర్రుమని చప్పుడు చేస్తూ డీజిలు తెల్లటి పొగలాగా చిమ్మింది. మొన వేలితో తడిమి చూశాడు. పొడిగా ఉంది. ఒకటి అయింది.

నాలుగోది అవుతుండగా గంగాధరం తల్లి ఆదిలక్ష్మమ్మ వెనక ఇంట్లోంచి ఆకులో గుగ్గిళ్ళు పెట్టుకుని వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. చేతులు వణుకుతాయి.

"తిను నాయనా. నీ సామాన్లు సూసినావా? నేనే పెట్టినా బొట్టు."

ప్రేమానందం తలెత్తలేదు. నాలుగో సూదిని ఇంకోసారి కిరోసినులో ముంచాడు.

"పోయినేడూ, ఆ ముందేడూ నీ బల్లకు ఒక్కదానికే ఎవురూ పెట్టలా. కిరస్తానం అని ఇడిసిపెట్టినారు. నాకు మనసు ఒప్పలా. ఇనుముకు మతమేంది నాయనా? ఆ నూనంతా తుడిసి, సూదిసూదికీ పెట్టేతలికి నడుం పడిపోయిందనుకో."

అతను ఆమె వేళ్ళ వంక చూశాడు. వంకర తిరిగిన కణుపుల్లో పసుపు ఇంకా ఉంది. అంత వణికే చేత్తో, అంత సన్నటి సూదుల మీద, ఒక్క బొట్టయినా చెదరకుండా పెట్టింది. అరవాలని ఉంది. అరవలేకపోయాడు. అందుకు తన మీద తనకే రోత పుట్టింది. గుగ్గిళ్ళు నోట్లో వేసుకుంటే అవీ డీజిలే.

"బాగుండాయమ్మా," అన్నాడు.

ఐదోది కూడా దారికి వచ్చింది. ఆరోది రాలేదు. తుప్పు సూది మొనను కొరికేసింది. ఎన్నిసార్లు కడిగి బిగించినా కిర్రుమనలేదు. సన్నటి ధార వచ్చి, ఆ వెనకే మొనకు ఒక చుక్క వేలాడింది.

మూడు గంటలకు గంగాధరం వచ్చాడు. బండికి దండ వేసి ఉంది.

"ఏమిరా, ఇంకా బిగించలేదా?"

"ఒకటి కారతా ఉండాదయ్యా. మద్రాసు నుంచి కొత్తది తెప్పించాల."

"మద్రాసు నుంచి వచ్చేతలికి నెల. ఉండేదే బిగించు. దశమి పూట బండి గేటు దాటాల."

"బిగిస్తే పిస్టను కాలిపోతాది. నేను బిగించనయ్యా."

గంగాధరం కళ్ళు ఎర్రబడ్డాయి. "మొన్న దాకా బాగుండె గదా! ఎట్ట పోయింది? ఎవురు పోగొట్టినారు?"

చెప్పెయ్యమని తిరుమలయ్య దూరం నుంచి కనుసైగ చేశాడు. ఆదిలక్ష్మమ్మ గడపలో నిలబడి ఉంది. ప్రేమానందం గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఈ ఊళ్ళో డీజిలు పని చేసే షెడ్డు ఇంకొకటి లేదు. ఇది పోతే తట్టాబుట్టా సర్దుకుని వేలూరో మద్రాసో పోవాలి.

"నా చేతిలోనే పోయిందయ్యా. నీళ్ళు తగలనిచ్చినా."

"ఇన్నాళ్ళు తిండి పెట్టినందుకు బాగా బుద్ధి సెప్పినావురా! ఇంక ఈ గేటు తొక్కొద్దు. పో!" గంగాధరం గోడ మీద తుపుక్కున ఉమ్మి లోపలికి వెళ్ళిపోయాడు.

ప్రేమానందం సంగటి గిన్నె తీసుకున్నాడు. ఐదు నాజిళ్ళను కొత్త డీజిలులో ముంచి గుడ్డ కప్పాడు. ఆదిలక్ష్మమ్మ గోడ పట్టుకుంటూ దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"నేను బొట్టు పెట్టి గూడా ఇట్టయిందే నాయనా! నా సెయ్యి మంచిది కాదేమో."

"అట్టనొద్దమ్మా," అన్నాడు ప్రేమానందం. "నువ్వు పెట్టబట్టే ఐదన్నా బాగయినాయి."

పులిసిన గుమ్మడి ముక్కలను కాలితో పక్కకు తోసి గేటు దాటాడు. మరునాడు తిరుమలయ్య ప్రేమానందం ఇంటికి పోయి చూస్తే తలుపుకు తాళం ఉంది.

మరుసటి ఏడు ఆయుధపూజకు ఆదిలక్ష్మమ్మ ఇంకొకరి చెయ్యి పట్టుకుని ఆ బల్ల దాకా వచ్చింది. టెస్టు పంపు వాడేవాళ్ళు లేక దుమ్ము పట్టి ఉంది. ఆమె కొంగుతో తుడిచి పిడికి బొట్టు పెట్టి, ఆసరా కోసం దాని మీద చెయ్యి ఆనిస్తే పిడి కాస్త కిందికి దిగింది. ఆరో నాజిలు ఇంకా దానికే బిగించి ఉంది, మొనకు ఒక చుక్క వచ్చి నిలబడింది.