మూడు ట్యాంకర్ల నీళ్లు

రెండో డ్రమ్ములోని పాత బొగ్గు తోడుతుంటే సిల్వియాకు కళ్లు తిరిగాయి. పొద్దున ఏడింటి నుంచి అదే పని. డ్రమ్ము అంచు పట్టుకుని కాసేపు నిలబడింది. వీపున గుడ్డలో కట్టుకున్న కూతురు జాయ్స్ దగ్గింది. రెండేళ్ల పిల్ల, మూతి చుట్టూ పుండ్లు పెచ్చులు కట్టాయి. మళ్లీ దగ్గుతుందేమోనని ఊపిరి బిగబట్టి విని, దగ్గలేదని తేల్చుకున్నాకే సిల్వియా గమేళా ఎత్తింది.

చింతపల్లి ఘాట్ రోడ్డు పక్కన మూతబడిన పెట్రోలు బంకు అది. భూమిలో పాతిన ట్యాంకు తుప్పుపట్టి, కారిన పెట్రోలు పక్కనే ఉన్న బావిలోకి ఇంకింది. కాలుష్య మండలి ఆర్డరు వచ్చాక, నాలుగు నెలల కిందట, బంకు యజమాని ఎలీయేజరు మోటారు పెట్టించాడు. బావి నీటిని తోడి, బొగ్గు డ్రమ్ముల గుండా పంపి కాలువలోకి వదలాలి. నీరు బాగుపడేదాకా మోటారు ఆగకూడదు. దాన్ని చూసుకునే పని సిల్వియాది. కూలి రోజుకు మూడు వందల యాభై.

శుక్రవారం ఎలీయేజరు మోటారు ఆపించాడు. శనివారం ఊరంతా కాఫీ పళ్ల కోతకు పోయిన వేళ మూడు ట్యాంకర్లు వచ్చి బావిలో మంచినీళ్లు కుమ్మరించి పోయాయి. చూసింది సిల్వియా ఒక్కతే. ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ సోమవారం. బావి పక్కన షామియానా లేచింది. కృతజ్ఞతా కూడిక, ఆ తర్వాత కోడి బిర్యానీ. విశాఖ నుంచి మండలి ఆఫీసరు ఉమామహేశ్వరి వచ్చి బావి నీరు సీసాలో పట్టుకుపోతుంది. నీరు బాగుందని కాగితం వస్తే మోటారు ఎత్తేస్తారు. స్థలాన్ని రిసార్టు వాళ్లు కొనుక్కుంటారు. ఊరికి ఆ విషపు బావే మిగులుతుంది.

తెల్లచొక్కా వేసుకుని ఎలీయేజరు వచ్చాడు. ఊరి చర్చికి సంఘ పెద్ద కూడా ఆయనే.

"ఇంకా బొగ్గులోనే ఉన్నావేటే! బేగి నీళ్లోసుకుని రా. పాస్టరయ్యగారి ప్రార్థనవగానే సాక్ష్యం సెప్పాల. నా గుంట జాయ్స్‌కి జబ్బు తగ్గింది, నీరు బాగైంది, నాకెవరి మీదా పగ లేదు. అంతే, మూడు ముక్కలు."

"ఆఫీసరమ్మ ఇంటాదా బాబూ?"

"ఇనాలనే కదా పిలిసింది!"

"అయితే సెప్తాను."

సిల్వియా కాపురానికొచ్చిన కొత్తలో ఊరంతా కొండ ఊట నీళ్లు తాగేది. ఈ బావి వాడేది బంకును ఆనుకున్న వాళ్ల ఇల్లొక్కటే. ఆమె వండిన అన్నం కిరసనాయిలు కంపు కొట్టేది. దీపం బుడ్డి ముట్టుకున్న చేత్తో బియ్యం కడుగుతోందని అత్త సోములమ్మ కుండలు విసిరికొట్టింది. మొగుడు రెండు నెలలు పుట్టింటికి తోలేశాడు. నీళ్ల మీద అనుమానమని చెప్పుకోబోతే, ఆదివారం ఆరాధనలో నిలబెట్టి ఎలీయేజరే అన్నాడు: "సెయ్యి కడుక్కోడం రానిదానికి బిడ్డలెందుకు?" మందిరమంతా నవ్వింది. అప్పటికామెకు నాలుగో నెల. తర్వాత ఊట ఎండిపోయి ఊరంతా ఆ బావికే వచ్చింది. అప్పుడు ప్రతి ఇంటి అన్నమూ కంపు కొట్టింది. ఆ నవ్వును మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ప్రార్థన ముగిసింది. సిల్వియా కడగని బొగ్గు చేతులతోనే పిల్లను చంకనేసుకుని లేచింది.

"మేడం, నా గుంటకి జబ్బు తగ్గనేదు. ఆ నీళ్లు బావియి కావు. శనివారం మూడు ట్యాంకర్లు పోయించినాడు ఈ బాబు."

ఎలీయేజరు నవ్వాడు. "ఎండకి మతి పోనాది దీనికి. ఏమే, సాక్ష్యమంటే దేవుడి మాట. పగ తీర్సుకోడం కాదు."

"పగే! శనివారమే సెప్పీగలిగీదాన్ని. సెప్పనేదు. నన్ను నలుగురిలో అన్నావు. నానూ నలుగురిలోనే అనాలని కాసుక్కూకున్నాను."

పాస్టరు చేతులు జోడించాడు. "క్షమించానని ఒక్క మాట అను తల్లీ."

"ఆ మాట నాకాడ లేదు అయ్యగారూ. నా పిల్ల మూతి సూసి మీరే అనండి."

పాస్టరు పిల్ల వైపు చూసి చేతిలోని బైబిలు మూసేశాడు.

"నన్నేం చేయమంటావమ్మా?" అంది ఉమామహేశ్వరి.

"మూడు గంటలు కూకోండి. పోసిన నీళ్లు తోడీత్తాను. అప్పుడు పట్టుకోండి."

వెనక వరసలోంచి సోములమ్మ లేచి వచ్చింది. కోడలి ముఖం చూడలేదు. "గుంటనిలా ఇయ్యి," అని జాయ్స్‌ను అందుకుంది. "ఏటి సూత్తన్నావు? ఎల్లి మోటారెయ్యి."

మోటారు గర్జించింది. ఎలీయేజరు స్విచ్చు వైపు నడిచాడు. సిల్వియా మసి చేతులతో అడ్డంగా నిలబడింది. తెల్లచొక్కా రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

"రేపట్నుంచి నీకు పని లేదు!"

"నేకపోతే పోయింది."

ఉమామహేశ్వరి ఖాళీ సీసా ఒళ్లో పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. బిర్యానీ గుండిగల మూతలు ఎవరూ తీయలేదు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి బావి గట్టు చుట్టూ వంగారు. నీరు ఒక సిమెంటు ఒర కిందికి దిగింది, తర్వాత ఇంకొకటి. ఎలీయేజరు ఆ ముఖాలను వరసగా చూస్తున్నాడు, పెట్రోలు కంపుకి ఎవరు ముందు ముక్కు చిట్లిస్తారోనని.