గీత మీద పొట్టు

ఆయన చేసే పనేమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి కాస్త ఇబ్బందే. ఊదడం. అవునండీ, ఊదడమే! భార్య సన్న రంపం మిషను ముందు కూర్చుని చెక్కపలక కోస్తుంటే, పక్కన వంగి నిలబడి, పెన్సిలు గీత మీద చేరే పొట్టును ఉఫ్‌మని ఊదేయడం. పిల్లలు ముక్కలు విడదీసి మళ్లీ పేర్చుకునే ఏనుగులు, బాతులు, నత్తలు తయారుచేస్తారు వాళ్లు. బొమ్మ గీసేది ఆయన, కోసేది ఆవిడ. గీయడం పొద్దున్నే అయిపోతుంది కాబట్టి మిగిలిన రోజంతా ఊదుడే. వీధిలో ఆయన పేరు ఉఫ్ మాస్టారు. దానికి ఉడుక్కోకపోగా, కొత్తవాళ్లెవరైనా వస్తే తనే చెప్పుకుని మురిసిపోయేవాడు.

నవ్వితే నవ్వండి గానీ, అందులోనూ కిటుకుంది. రంపం కదిలిన ప్రతిసారీ పిసరంత పొట్టు లేచి, ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా గీత మీదే కూర్చుంటుంది. గీత కప్పబడిందా, బ్లేడు పక్కకి పోతుంది. బ్లేడు పక్కకి పోతే ముక్కలు ఒకదాంట్లో ఒకటి ఇమడవు. అలాగని బుగ్గలు పూరించి ఊదితే పొట్టంతా కోసేవాళ్ల కళ్లలో పడుతుంది. ఆయన తిన్నటి గీతకి సన్నగా, సాగదీసి ఊదేవాడు. మలుపు వస్తోందంటే పొట్టిగా రెండుసార్లు. గీత ఎటు తిరుగుతుందో అటువైపు నుంచే ఊదేవాడు. ఆ గాలి ఆవిడ వేళ్లని రాసుకుంటూ పోయేది. పెళ్లయిన కొత్తలో మొదలైన ఆ పని మనవరాలు పుట్టాక కూడా ఆగలేదు.

చివరికి డాక్టరు ఆపించాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే దగ్గు అని వెళితే, ఆ డాక్టరు ఎక్స్‌రే తీయించి, వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఏం పని చేస్తారు మీరు?"

"ఊదుతానండీ."

విషయమంతా విన్నాక డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఊదే ముందు పీలుస్తారు కదండీ. పీల్చిందంతా లోపలే ఉంది. ఇక ఆ గది గుమ్మం తొక్కడానికి వీల్లేదు."

"మూతికి గుడ్డ కట్టుకుంటాను."

"గుడ్డ కట్టుకుని ఎలా ఊదుతావు నాన్నా?" అంది పక్కనున్న కూతురు.

కూతురు ఊరికే ఉండే రకం కాదు. పనిగదికీ వంటింటికీ మధ్య ఉన్న తలుపు సందులన్నీ రబ్బరు పట్టీలతో మూసేసింది. కోసేటప్పుడు తల్లి ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టించింది. చేపల తొట్టిలో బుడగలు రావడానికి వాడే చిన్న గాలి మోటారు తెచ్చి, దాని పైపు కొసని బ్లేడు పక్కన బిగించింది. స్విచ్చి వేస్తే చాలు, పొద్దస్తమానం అదే ఊదుతుంది. అలుపు లేదు, దగ్గు లేదు, మధ్యలో టీ అడగదు.

"బాగుందా?" అని ఆ సాయంత్రం ఆయన భార్యని అడిగాడు. బాగోలేదనాలని ఎంత ఆశో!

"బాగానే ఉంది బావా," అంది ఆవిడ. మేనమామ కూతురు కావడంతో చిన్నప్పటి పిలుపే నిలిచిపోయింది.

అంతే, ఆయనకి అన్నం సయించలేదు. "చేపలకి బుడగలు ఊదేదానికి చెక్కపని ఏం తెలుసు?" అని గొణుక్కున్నాడు.

ఆ రోజు నుంచి ఆయన మకాం వంటింట్లో కిటికీ పక్క కుర్చీ. పని, ఆవిడ కోసిన ముక్కలు తుడిచి పెట్టెల్లో సర్దడం. చెవి మాత్రం తలుపుకే అతుక్కుని ఉండేది. మిషను జుయ్యిమంటే అది తిన్నటి గీత, గొంతు తగ్గితే మలుపు. మలుపు దగ్గర తనకి తెలియకుండానే పెదాలు సున్నా చుట్టేవాడు. దేశాలు పట్టి పోయినవాళ్ల కోసం బెంగ పెట్టుకున్నారంటే లోకం అయ్యో అంటుంది. గోడవతల ఉన్న పెళ్లాం కోసం బెంగ పెట్టుకున్నానని ఎవరితో చెప్పుకుంటాడు, ఆ మాట వింటే చెక్క ఏనుగు కూడా నవ్వదూ? సిగ్గేసింది. సిగ్గేసినా బెంగ పోలేదు. వేడెక్కిన చెక్క వాసన కావాలి. తన గడ్డానికి జానెడు దూరంలో ఆవిడ చెవి కావాలి. గీత పూర్తయినప్పుడు ఆవిడ కొద్దిగా తలాడించేది, అది కావాలి. భోజనాల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటూనే ఉన్నారు, మాట్లాడుకుంటూనే ఉన్నారు. అది వేరు, ఇది వేరు.

ఇంతలో ఆయన పాలిట ఓ శుభవార్త. బాతు ముక్కు బాతుకి పట్టలేదు!

ఆయన అటు తిప్పి, ఇటు తిప్పి నొక్కి చూశాడు. పట్టదు. మర్నాడు ఏనుగు తొండమూ అంతే. ఆ తర్వాత బొమ్మల కొట్టతను ఒక పెట్టె తిప్పి పంపాడు కూడా.

"మోటారు సరిగా ఊదట్లేదు కదూ?" అన్నాడు మొహం గంభీరంగా పెట్టి. లోపల గంతులేస్తున్నాడు.

"అవును, ఊదట్లేదు," అంది ఆవిడ, ఆయన వైపు చూడకుండా.

"నే చెప్పలా!"

ఇక ఆగలేకపోయాడు. మర్నాడు ఆవిడ నత్త కోస్తుండగా తడి తువ్వాలు మూతికి కట్టుకుని, ఆ మోటారు సంగతి తేల్చేద్దామని తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. మిషను చప్పుడులో ఆవిడకి వినబడలేదు. వెనక నుంచి వంగి చూశాడు.

గీత మీద ఒక్క రవ్వ పొట్టు లేదు. మోటారు చక్కగా ఊదుతోంది. తను పొద్దున గీసిన గీత కడిగినట్టు కనబడుతోంది. బ్లేడు మాత్రం గీతకి బియ్యపుగింజంత ఎడంగా, తన దారిన తను పోతోంది. ఆవిడ కళ్లు చెక్క మీదే ఉన్నాయి. చెయ్యి ఆగలేదు. నత్త చుట్టులో ముందు వంపు వస్తోంది, ఆవిడ నేరుగానే తోస్తోంది.

ఆయన తువ్వాలు కిందికి లాగి, ఎడమవైపు నుంచి పొట్టిగా రెండుసార్లు ఊదాడు.

ఆవిడ చేతులు వెంటనే ఎడమకి తిరిగాయి. బ్లేడు వచ్చి గీతలో పడింది. ఆ తర్వాత ఆవిడ ఉలిక్కిపడి మిషను ఆపేసింది.

"బావా? నీకు బుద్ధుందా!" అంటూ రెక్క పట్టుకుని బరబరా వంటింట్లోకి లాక్కొచ్చి తలుపేసింది. నీళ్లిచ్చింది, తిట్టింది, మళ్లీ నీళ్లిచ్చింది. ఆయన దగ్గు తగ్గేదాకా ఆగి అడిగాడు.

"నీకు గీత కనబడట్లేదు కదే."

ఆవిడ గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

"ఎప్పట్నుంచి?"

"మనవరాలు పుట్టకముందు నుంచి."

కాఫీలో పంచదార బదులు ఉప్పు పడ్డ రోజులు, తన చొక్కాకి ఎర్ర దారంతో కుట్టిన తెల్ల గుండీ, అన్నీ ఇప్పుడు గుర్తొచ్చాయి మహానుభావుడికి. ఆవిడ పరధ్యానమనుకున్నాడు ఇన్నాళ్లూ!

"మరి ఎలా కోశావే ఇన్ని బొమ్మలు?"

"నువ్వు ఊదుతున్నావుగా. పొడుగ్గా వస్తే తిన్నగా పోవడం, రెండు పొట్టివి తగిలితే తగిలిన వైపు తిరగడం."

"కళ్లజోడు పెట్టుకుని చావచ్చుగా!"

"పెట్టుకుంటే?" ఆవిడ చటుక్కున ఇటు తిరిగింది. "పెట్టుకుంటే నువ్వుంటావా పక్కన? 'నీకు కనబడుతోందిగా, అలా బజారు దాకా వెళ్లొస్తా' అంటావు. నాకు తెలీదూ నీ సంగతి? అందుకే నోరు మూసుకున్నా. ఆ పొట్టంతా నీ లోపలికి పోతోందని నాకేం తెలుసు బావా! తెలిస్తే ఆ రోజే చెప్పేదాన్ని. నేను... నిన్ను పక్కన ఉంచుకుందామని నీ ఊపిరి తీసేశాను." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆయనకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకోటి తోసుకొచ్చింది. ఊపిరితిత్తులు పాడైన మనిషికి కలగకూడనంత సంతోషం. ఇన్నేళ్లూ ఆవిడ పక్కన తను కావాలని నిలబడ్డాననుకున్నాడు, ఆవిడ కావాలని నిలబెట్టుకుందని తెలియదు. "ఊరుకో, ఊరుకోవే," అంటూ ఆవిడ వీపు నిమిరాడు.

కళ్ల డాక్టరు రెండు జతలు రాశాడు. దగ్గరి చూపుకొకటి, దూరపు చూపుకొకటి. దగ్గరివి ముందుగా తయారయ్యాయి. ఆవిడ అవి పెట్టుకుని పనిగదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆయన కుర్చీలో కూర్చుని విన్నాడు. జుయ్యిమంది మిషను. గొంతు తగ్గింది, మలుపు. మళ్లీ జుయ్యిమంది. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఆగలేదు. నత్త చుట్టు మొత్తం ఒక్క ఊపులో అయిపోయింది. సరే, ఇక నిజంగానే తనతో పని లేదు. అది ఆవిడకి మంచిదే, తనకీ మంచిదే, డాక్టరు వింటే శభాష్ అంటాడు. అయినా పెదాలు మాత్రం ఇంకా సున్నా చుట్టుకునే ఉన్నాయి.

మిషను ఆగింది. అటువైపు కుళాయి చప్పుడు, బట్టలు దులుపుకునే చప్పుడు వినబడ్డాయి. ఆవిడ కళ్లజోడు తీయడం మర్చిపోయి అలాగే ఇవతలికి వచ్చింది. దూరానికి ఆ అద్దాలు పనిచేయవు కాబట్టి తడుముకుంటూ, కళ్లు చికిలించుకుంటూ ఆయన దగ్గరికి నడిచింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఆవిడ ఇంకా దగ్గరికి వచ్చింది, మొహానికి మొహం జానెడు దూరంలోకి.

అక్కడ ఆగిపోయింది.

"ఇదేంటి బావా," అంది. "ఇంత ముసలాడివి ఎప్పుడయ్యావు?"

"నీ పక్కన నిలబడే అయ్యానే. నువ్వే చూళ్లేదు."

నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. ఆయన తెల్లబడ్డ కనుబొమల్ని, పీక్కుపోయిన బుగ్గల్ని, వయసు మచ్చలు పడ్డ నుదుటిని ఒక్కొక్కటిగా చూస్తోంది.

"కదలకు," అంది. "నేను చూడనివన్నీ చూడనీ."

ఆయన కదల్లేదు. దగ్గు వస్తున్నా ఆపుకుని నిలబడ్డాడు.