నిలబెట్టని రాయి

అనంతగిరి కాఫీ తోటల పక్కనున్న ఆ గూడెంలో చచ్చినవాళ్లకు రాయి నిలబెడతారు. శవం దొరక్కపోయినా సరే, ఇంటివాళ్లు పేరు చెబితే చాలు. ఊరి పెద్ద గాసి నలుగురి చేత రాయి మోయించుకొచ్చి వీరాయి వాకిట్లో దింపించాడు. ఆమెను అడగలేదు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

“మీ అన్న పేరు సెప్పు. బేగి నిలబెట్టేద్దుం.”

వీరాయి గడప దిగి రాలేదు.

ఆమె పుట్టింది సిలోన్ తేయాకు తోటలో. తాతల కాలం నుంచి అక్కడ ఆకు కోసినవాళ్లను, తెల్లవాడు పోగానే, అక్కడి సర్కారు మీరు మావాళ్లు కాదు పొమ్మంది. తర్వాత రెండు దేశాల పెద్దలు కూర్చుని కూలీలను గొర్రెల్లా పంచుకున్నారు. అమ్మాబాబుతో వీరాయి ఇటు, ఈ కాఫీ తోటల పనిలోకి వచ్చి పడింది. పెళ్లయిన అన్న సడయన్ అటు మిగిలాడు. తమిళుల మీద జరిగిన అల్లర్లలో అతని ఇల్లు తగలబెట్టారు. ప్రాణం దక్కుతుందని ఉత్తరానికి, కిళినొచ్చికి పారిపోతే యుద్ధం అక్కడికీ వచ్చింది. ఒకపక్క సైన్యం గుండ్లు, ఇంకోపక్క తుపాకీ పట్టించడానికి ఇంటికో బిడ్డను పట్టుకుపోయే తమిళ పులులు. “కూతుర్ని తీసుకుపోయారు, వెతకడానికి పోతున్నా” అని చివరిసారి ఫోన్లో అన్నాడు. అంతే.

ఎవడు గెలిచాడో టీవీలు చెప్పాయి. సడయన్ ఏమయ్యాడో ఒక్కడూ చెప్పలేదు.

“ఇన్నేళ్లు రానోడు పోయినట్టే కదేటప్పా,” అంది పక్కింటి సోములమ్మ. “రాయి లేకపోతే తిరుగుతానే ఉంటాడు.”

“తిరగనీ. తిరిగేవోడికి కాళ్లుంటాయి కదా,” అంది వీరాయి.

ఎవరో కిసుక్కున నవ్వారు. గాసి నవ్వలేదు.

“మొండి గుంటలాగ సేత్తన్నావేటి? పోయినోడికి రాయెట్టని ఇంటికి ఊరు రాదు. పండక్కి పిలుపుండదు, చావుకి పిలుపుండదు. ఒక్కదానివే ఉండాల.”

“అమ్మకీ బాబుకీ నేనే దగ్గరుండి రాళ్లు ఎట్టించాను. ఆళ్లని నా సేత్తో మట్టిలో ఎట్టాను గనక. మా అన్నని ఎట్టలేదు. నా నోటితో సంపమంటే సంపను, బావా. పిలవకపోతే పిలవకండి.”

గాసి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. దింపిన రాయిని తిరిగి మోసుకుపోరు. అది అక్కడే పడి ఉంది. జనం ఒక్కొక్కరే కదిలారు.

“రేపు కాఫీ పళ్లకోతకి వత్తావు కదప్పా?” అంది సోములమ్మ నేల చూస్తూ.

“వత్తాను. తినాల కదా.”

ఇన్నేళ్లలో ఆమె ఇక్కడివాళ్లను బావా అంది, మామా అంది. అన్న అని మాత్రం ఎవరినీ పిలవలేదు. వాకిలి ఖాళీ అయ్యాక, వాళ్ల తేయాకు తోట తమిళంలో, “అణ్ణే” అని ఒకసారి పిలిచింది. ఈ కొండల్లో ఆ పిలుపుకు పలికేవాడు లేడు. మళ్లీ పిలిచింది.