బావ కొన్న లేజరు

ముప్పై దాటినా ఇంట్లో అందరికీ ఆమె ఇంకా 'చిన్నది'. ఆఫీసులో మాత్రం ఆమె మాటకు విలువెక్కువ. ఏ యంత్రానికి రేపు ఎంత గిరాకీ ఉంటుందో అంచనా కట్టి రిపోర్టులు రాయడం ఆమె ఉద్యోగం. పోయినేడు పల్స్ లేజర్ల మీద రాసింది. వెలుగును ధారగా కాకుండా రెప్పపాటులో వేల దెబ్బలుగా కొట్టే యంత్రాలవి. పైనున్న తుప్పూ మురికీ ఎగిరిపోతాయి, కింది లోహం పెద్దగా వేడెక్కదు. వీటి గిరాకీ ఏటా పెరుగుతుందని రాసి, మురిపెంగా అక్కకూ ఒక కాపీ పంపింది. అక్క చదవలేదు. బావ తెరిచాడు. ఆ నెలలోనే ఉద్యోగం మానేసి ఒక లేజరు కొన్నాడు.

అప్పటినుంచి చిన్నదానికి కంటి మీద కునుకు లేదు.

"ఇవాళ టైర్ల ఫ్యాక్టరీ మేనేజరు వస్తున్నాడే. మొదటి బేరం. నువ్వూ రా, మీ బావకి ధైర్యంగా ఉంటుంది," అంది అక్క ఫోన్లో.

ఎవరికెవరు ధైర్యం చెప్పాలో తెలియక, సెలవు పెట్టి వెళ్ళింది.

బావ షెడ్డులో బల్ల మీద మేనేజరు తెచ్చిన టైరు అచ్చు ఉంది. గాడుల నిండా, టైరు మీద కంపెనీ పేరు పడే అక్షరాల నిండా కాలిన రబ్బరు పేరుకుపోయింది. అక్కతో సహా అందరూ రంగు కళ్ళద్దాలు పెట్టుకున్నాక బావ మీట నొక్కాడు. యంత్రం కీచుమంది. మసి పొగై లేచి, అడుగున లోహం తళతళలాడింది. చిన్నది ఊపిరి పీల్చుకునేలోపే, ఒక అక్షరం మూల పసుపుపచ్చగా తిరిగి గోధుమరంగులోకి మారింది.

బావ చటుక్కున మీట వదిలేశాడు.

"కాల్చేశారా?" మేనేజరు ముందుకు వంగాడు. "అక్షరం పోతే అచ్చు మొత్తం పోయినట్టేనండీ!"



"ఒకేచోట ఎక్కువసేపు నిలిపాను సార్, పొరపాటు నాదే," అన్నాడు బావ. దెబ్బల జోరు తగ్గించి, చేయి కదుపుతూ మిగతాదంతా శుభ్రం చేశాడు.

మేనేజరు ఆ అక్షరాన్ని గోటితో తడిమాడు. "అంచు అరగలేదు. రంగే మారింది. సరే, దీంతో టైర్లు చేసి చూసి కబురు చేస్తాను."

అతను వెళ్ళగానే చిన్నది ఆగలేకపోయింది. "బావా, నేను రాసింది ప్రపంచం మొత్తం గిరాకీ గురించి. ఈ షెడ్డు గురించి కాదు. అదీ అంచనాయే. మిమ్మల్ని నేనే ముంచానేమో!"

బావ నవ్వాడు. "నీ లెక్కలు ఎవరు చూశారే? ఆ పేజీలన్నీ తిప్పేశాను. అందులో తుప్పు ఎగిరిపోయే బొమ్మ ఉంది చూడు, దానికి పడిపోయా. ఇన్నేళ్ళూ ఆ ఉద్యోగంలో ఇసుక చిమ్మి తుప్పు గీకుతూ, ఆ దుమ్మంతా మింగినవాణ్ణి కదా."

"అంటే ఉద్యోగం మానొద్దన్న నా మాటా వినలేదు, చెల్లి మాటా వినలేదు. బొమ్మ మాట విన్నారన్నమాట!" అంది అక్క.

వారం తిరక్కుండానే కబురొచ్చింది. టైర్లు బాగానే వచ్చాయట. చిన్న అచ్చులు రెండు పంపుతారు, పెద్దవాటి సంగతి తర్వాత చూస్తారు. బావ గంతులేశాడు. "రెండేనా?" అనబోయి చిన్నది నాలుక కరుచుకుంది.

సెలవురోజున తనే వెళ్ళి పొగ లాగే గొట్టం పట్టుకుంది. బావ చేయి కాస్త నెమ్మదిస్తే చాలు, "కదపండి బావా, కదపండి!" అని అరుస్తూనే ఉంది.