అత్తగారికిచ్చిన మోకాలి నొప్పి

పొద్దున్నే ఈత బట్టలు సంచిలో కుక్కుకుని కోడలు కొంగ వంటింట్లోకి వచ్చేసరికి, అత్తగారు పాలు పొయ్యి మీద పెట్టి కుర్చీలో సిద్ధంగా కూర్చుని ఉండేది. కొంగ ఎదురుగా కూర్చుని అరచెయ్యి చాపేది. అత్తగారు దాని మీద తన అరచెయ్యి ఆనించి, "ఊఁ, నాకియ్యి" అనేది. కోడలి కుడి మోకాల్లోని నొప్పి అత్తగారి కుడి మోకాల్లోకి వెళ్లిపోయేది. ఆవిడ ఒక్కసారి పళ్లు బిగించి, "ఇవాళ కాస్త ఎక్కువే ఉన్నట్టుందే" అని, బల్ల పట్టుకుని లేచి, కుంటుకుంటూ పాలు దింపడానికి వెళ్లేది. కొంగ మాత్రం రెండేసి మెట్లు దిగుతూ వీధిలో పడేది.

నిండిన బస్సులో నిలబడ్డవాళ్ల సంచిని కూర్చున్నవాళ్లు ఒళ్లో పెట్టుకుంటారు చూడండి, ఆ ఊళ్లో ఒకరి నొప్పి ఒకరు పట్టుకోవడం కూడా అలాంటిదే. పరీక్ష రాసే కూతురి తలనొప్పిని తల్లి పట్టుకునేది. పాటగాడి పంటినొప్పిని కచేరీ అయ్యేదాకా అతని బావమరిది మోసేవాడు. అరచేతిలో అరచెయ్యి పెట్టి అడిగితే చాలు. దెబ్బ ఎక్కడిదక్కడే ఉండేది, నొప్పి ఒక్కటే చేతులు మారేది.

కొంగ అనేది అసలు పేరు కాదు. ఆమె పనిచేసే కళ్లద్దాల దుకాణం యజమాని ఆ పొడుగు కాళ్లు చూసి పెట్టిన పేరు. ఇంట్లోవాళ్లకీ అదే అలవాటైపోయింది. దుకాణం వెనక గదిలో యంత్రం దగ్గర కూర్చుని అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె ఉద్యోగం. ప్రాణం మాత్రం ట్రయథ్లాన్ మీద. చెరువులో ఈత, ఒడ్డెక్కి సైకిలు, సైకిలు దిగి పరుగు, ఎక్కడా ఆగకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాగే పందెం. ఒకప్పుడు తన వయసువాళ్లలో మూడో స్థానంలో వచ్చింది. ఆ ఫొటోని యజమాని కౌంటరు వెనక గోడకి తగిలించి, కళ్లజోడు కోసం వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

మోకాలు చెడ్డది ఆ తర్వాతే.

మొదట్లో ఒప్పందం ఏమిటంటే, సాధన అయ్యాక, పనిలోకి వెళ్లేముందు కొంగ తన నొప్పిని తాను వెనక్కి తీసుకోవాలి. కొన్నాళ్లు అలాగే నడిచింది. ఆ తర్వాత, "ఆలస్యమైపోతోంది అత్తయ్యా, సాయంత్రం తీసుకుంటాను" అనడం మొదలైంది. సాయంత్రం వచ్చేసరికి ఒళ్లు హూనమై ఉండేది, "రేపు తీసుకుంటాను లెండి" అనేది. అత్తగారు కాదనేది కాదు. కోడలు అడగడం మానేసిన నొప్పి ఆవిడ మోకాల్లోనే కాపురం పెట్టేసింది.

నొప్పి లేకపోయినా ఫలితాలు మాత్రం బాగుపడలేదు. ఒక పందెంలో, పరుగు సగంలో, ఏ హెచ్చరికా లేకుండా కాలు మడత పడిపోయి రోడ్డు మీద కూలబడింది. ఇంకోదాంట్లో కుంటుతున్న సంగతి తనకే తెలియక, వెనక వస్తున్నావిడ "కాలు ఈడుస్తున్నావమ్మా" అని చెబితే తెలిసింది. మూడోదాంట్లో ఆమె ముగింపు గీత చేరేసరికి తోరణం విప్పేసి చుట్ట చుడుతున్నారు. చీపురు పట్టుకున్నాయన కాస్త పక్కకి జరిగి, ఆమె దాటాక మళ్లీ ఊడ్చుకున్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చి, భర్తతోనూ అత్తగారితోనూ, "ఇకమీదట నా పందేలు చూడ్డానికి మీరెవరూ రావద్దు" అంది. భర్త రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. తెల్లవారుజామున వెళ్లి పొద్దెక్కాక పిండి చేతులతో తిరిగొచ్చే మనిషి. "సరేలే" అని ఊరుకున్నాడు. అత్తగారు మాత్రం, "మేమేం చేశామమ్మా?" అంది. చూసేవాళ్లుంటే ఓడిపోవడం మరీ బరువుగా ఉంటుందని ఎలా చెప్పాలో కొంగకి తెలియలేదు.

చివరికి ఒక ఫిజియో దగ్గరికి వెళ్లింది. ఉన్నమాట మొహం మీదే చెప్పే మనిషి ఆవిడ. మోకాలిని అటూ ఇటూ తిప్పి, "ఇక్కడ నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"తెలీదండీ."

"ఇక్కడ?"

"తెలీదు. నొప్పి మా అత్తయ్య దగ్గరుంది."

ఫిజియో కాలు వదిలేసి కుర్చీలో వెనక్కి వాలింది. "ఎన్నాళ్లుగా?"

"లెక్కపెట్టలేదండీ."

"అయితే మీ మోకాలు చెప్పేవన్నీ ఆవిడకి వినబడుతున్నాయి, పరిగెత్తేది మీరు. మీ ఇద్దరిలో ఎవరికి వైద్యం చెయ్యమంటారు?" అంది ఫిజియో. తర్వాత గొంతు తగ్గించి, "వెళ్లి తెచ్చుకోండి. తెచ్చుకుని, అది ఆగమన్నచోట ఆగండి" అంది.

ఆ సాయంత్రం కొంగ ఇంటికి వెళ్లేసరికి అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. కుడికాలు స్టూలు మీద చాపుకుని, ఎడమకాలితోనే తొక్కుతోంది. ఎప్పట్నుంచి అలా కుడుతోందో కొంగ గమనించనేలేదు. దగ్గరికెళ్లి కింద కూర్చుని చెయ్యి చాపింది.

"నాది నాకిచ్చెయ్యండి అత్తయ్యా."

"ఇప్పుడెందుకే? నాకలవాటైపోయింది."

"అందుకే."

నొప్పి తిరిగి వచ్చినప్పుడు కొంగకి కళ్లలో నీళ్లు తిరిగాయి. తను వదిలి వెళ్లినప్పటి నొప్పి కాదది. బాగా ముదిరింది. అత్తగారు లేచి నిలబడి, కాలు విదిలించి, గదిలో అటూ ఇటూ నడిచి, "అబ్బ, హాయిగా ఉందే" అని, వెంటనే ఆ మాట అన్నందుకు నొచ్చుకుని కోడలి తల నిమిరింది.

తర్వాత నెలలన్నీ కొంగ మోకాలు చెప్పినట్టు విన్నది. అది సణిగితే నెమ్మదించింది, అరిస్తే ఆగింది. ఈతకొలనులో ముసలివాళ్లు కూడా ఆమెని దాటిపోయేవారు. ఒక చిన్న పందెంలో అడుగు నుంచి లెక్కపెడితే తొందరగా దొరికే చోట వచ్చింది. యజమాని అడిగితే, "బాగానే అయిందండీ" అని వెనక గదిలోకి వెళ్లిపోయింది. ఆ రోజు బిగించిన అద్దాలు రెండు పగిలాయి. అయినా సాధన మానలేదు. నొప్పి కొద్దికొద్దిగా వెనక్కి తగ్గుతోంది, కాలు మళ్లీ తనదవుతోంది. పెద్ద పందేనికి పేరు ఇచ్చింది.

పందెం రోజు పొద్దున వంటింట్లో అత్తగారు పాత అలవాటు కొద్దీ కుర్చీలో కూర్చుని ఉంది. చెయ్యి చాపి, "ఇవాళ ఒక్కరోజుకీ నాకియ్యి. ఇంత కష్టపడ్డావు, నిశ్చింతగా పరిగెత్తు" అంది.

"ఇవ్వను" అని నవ్వి, కొంగ ఆ చేతిని తన అరచేతుల మధ్య పట్టుకుంది. "కావాలంటే మీ దగ్గరున్నవేవో మీరే నాకివ్వండి."

"నా దగ్గరేమున్నాయే, చోద్యం కాకపోతే" అంది అత్తగారు చెయ్యి లాక్కుంటూ.

చెరువులో నీళ్లు చల్లగా, మెత్తగా ఉన్నాయి. కొంగ జనం మధ్యలోంచి ఈది, మధ్యలోనే ఒడ్డెక్కింది. సైకిలు మీద గాలి ఎదురొచ్చినా తొందరపడలేదు. ముందు దూసుకుపోయినవాళ్లు ఒక్కొక్కళ్లే చిక్కుతూ వచ్చారు. పరుగు మొదలైనప్పుడు మోకాలు ఒకసారి పలకరించింది, అంతే. ఏళ్ల తర్వాత కాళ్లు చెప్పినమాట వింటున్నాయి. దారి పక్కన ఎవరో, "ఇలాగే వెళ్తే మొదటి అయిదుగురిలో ఉంటావు" అని అరిచారు. ఆ మాట వినగానే కొంగకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అప్పుడు దవడ కింద ఏదో పట్టేసింది. అక్కడి నుంచి ఎడమ భుజంలోకి దిగి, ఛాతీ మీద ఎవరో మోకరించినట్టు నొక్కింది. రెండడుగులు వేసేసరికి వదిలింది. ఇంకాస్త దూరం పోయాక మళ్లీ పట్టింది, ఈసారి ఇంకా గట్టిగా. వైద్యుల గుడారం ఎదురుగానే ఉంది. గుడారం దాటితే పందెం, ఆగితే ఇంతే సంగతులు. నెలల తరబడి మోకాలు నేర్పిన పాఠం వల్లనో ఏమో, కొంగ ఆగింది.

గుడారంలో డాక్టరు ఆమెని పడుకోబెట్టి, ఛాతీకి తీగలు తగిలించి, యంత్రంలోంచి వచ్చే కాగితాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. మళ్లీ చూశాడు.

"నీ గుండె నిక్షేపంలా ఉందమ్మా" అన్నాడు. "ఇంత మంచి గుండె ఈ మధ్య చూడలేదు. నొప్పి ఇప్పుడు కూడా ఉందా?"

"ఉంది. ఇంకా పెరుగుతోంది."

డాక్టరు కాగితం పక్కన పెట్టి ఆమె మొహంలోకి చూశాడు. "మరి ఇది ఎవరి నొప్పి?"

పొద్దున అత్తగారి చెయ్యి పట్టుకుని నవ్వులాటకి అడిగిన మాట గుర్తొచ్చి, కొంగ లేచి కూర్చుంది. ఛాతీకున్న తీగలు ఊడి కింద పడ్డాయి.

"మీ ఫోను ఒకసారి ఇవ్వండి."

భర్త నిద్రమత్తులో ఫోను ఎత్తాడు. "ఏమైంది? పందెం అయిపోయిందా?"

"అత్తయ్య ఎక్కడుంది?"

"మేడ మీద. పొద్దుట్నుంచీ ఎంత హుషారుగా ఉందనుకున్నావ్! ఆయాసం లేదు, ఛాతీలో మంట లేదు అంటూ ఇంట్లో దుప్పట్లన్నీ ఉతికేసింది. తడి బరువులు మోసుకుంటూ ఇప్పటికి ఎన్నిసార్లు ఎక్కి దిగిందో."

"ఛాతీలో మంటా? ఎప్పట్నుంచి?"

"కొన్నాళ్లుగా ఉందట. అజీర్తి అని ఊరుకుంది. నీకు చెప్పొద్దంది, పందెం ముందు కంగారు పడతావని."

"ఇప్పుడే మేడ మీదికి వెళ్లు. ఉన్నచోటే కూర్చోబెట్టు. ఒక్క మెట్టు కూడా దిగనివ్వకు. అంబులెన్సుని పిలువు. నాకేం కాలేదంటుంది, నమ్మకు. ఆ నొప్పి నా దగ్గరుంది."

అవతల కుర్చీ కింద పడిన చప్పుడు, మెట్ల మీద అతని అడుగుల చప్పుడు వినిపించాయి. అత్తగారు ఎక్కడం ఆపిన క్షణం కొంగకి ఇక్కడే తెలిసిపోయింది. ఛాతీ మీది బరువు కొంచెం తేలికైంది. అత్తగారు ఆసుపత్రి చేరేదాకా కొంగ ఆ గుడారంలో పడుకుని, నొప్పి ఎప్పుడు పెరుగుతోందో, ఎప్పుడు తగ్గుతోందో డాక్టరుకి చెబుతూనే ఉంది. డాక్టరు అది ఫోనులో అంబులెన్సువాళ్లకి చెబుతూనే ఉన్నాడు. బయట ఒక్కొక్కళ్లే గీత దాటుతున్నారు, జనం చప్పట్లు కొడుతున్నారు. ఆమె పేరుకి ఎదురుగా 'పూర్తి చేయలేదు' అని పడింది.

రక్తనాళం ఒకటి దాదాపు పూడుకుపోయిందనీ, ఇంకో రెండు దుప్పట్లు మోసి ఉంటే మనిషి దక్కేది కాదనీ ఆసుపత్రిలో చెప్పారు. దాన్ని తెరిచి, చిన్న గొట్టం పెట్టారు. వాళ్లు ఆ పని ముగించిన వేళకి, బయట బెంచీ మీద కూర్చున్న కొంగకి దవడ వదులైంది.

మర్నాడు అత్తగారు మంచం మీంచి ఆమెని ఎగాదిగా చూసింది. "మొదటి అయిదుగురిలో ఉన్నావట కదా. నీ మొగుడు చెప్పాడు."

"ఉన్నాను, కాసేపు."

"గీత దాటి వచ్చి ఫోను చెయ్యకూడదూ? అంతలోనే చచ్చిపోతానా?"

"పోయేవారట."

అత్తగారు దుప్పటి అంచు వేళ్లతో మడతపెట్టింది. మడత విప్పి, "దాచి తప్పు చేశాను" అంది.

"ముందు దాచింది నేను కదా అత్తయ్యా, మీ మోకాల్లో."

ఇంటికి వచ్చాక అత్తగారిని రోజూ నడవమన్నారు, అదీ మెల్లగా. తోడు కొంగే. మొదట వీధి చివరిదాకా, తర్వాత పోస్టాఫీసుదాకా. అంత నెమ్మదిగా నడవడం కొంగ జీవితంలో చేసిన సాధనలన్నిటికంటే కష్టమైంది. అడుగు వెయ్యడం, ఆగడం, ఎవరింటి గోడకి ఏ రంగు వేశారో అత్తగారు చెప్పేది వినడం, మళ్లీ అడుగు. నెలలు గడిచాక ఫిజియో మోకాలు పట్టి చూసి ఆశ్చర్యపోయింది. "ఏం చేశారు దీనికి?"

"మా అత్తయ్యతో నడిచాను."

"మానకండి" అంది ఫిజియో.

మరుసటి ఏడు పెద్ద పందేనికి ముగ్గురూ వెళ్లారు. రమ్మని కొంగే అడిగింది. ఆమె మొదటి అయిదుగురిలో రాలేదు, మొదటి యాభైలో కూడా రాలేదు. కానీ చివరి మలుపు దగ్గర నడుస్తున్నవాళ్లని దాటుకుంటూ, పరిగెత్తుతూనే గీత దాటింది. మోకాలు నొప్పిగానే ఉంది. దాంతో ఎలా వేగాలో ఇప్పుడామెకి తెలుసు.

భర్త ఆమె భుజాల మీద తువ్వాలు కప్పాడు. అత్తగారు కంచె పట్టుకుని వస్తున్నవాళ్లందరినీ ఒక్కొక్కళ్లనే పరీక్షగా చూస్తోంది. అప్పుడే తెల్ల జుట్టున్న ఒకావిడ గబగబా నడుస్తూ గీత దాటింది.

"ఆవిడ అస్సలు పరిగెత్తలేదే" అంది అత్తగారు. "నడిచే వచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను."

"నడవొచ్చు అత్తయ్యా, తప్పులేదు."

అత్తగారు కంచె వదిలి కోడలి వైపు తిరిగింది. "ఈత, సైకిలు లేకుండా నడక ఒక్కటే పెడతారేమో వెళ్లి కనుక్కుని రా. వచ్చే ఏడుకి."