తుంగకుంట తల్లిచేపలు

పుష్యమాసమున కొల్లేటి తూర్పుకరపై పొగమంచు దిగినచో నది చుట్టపుచూపుగా గాక కాపురమునకు వచ్చినట్లే యుండును. ఆ యేడు వరుసగా నైదుదినములు భాస్కరబింబము కానరాక గాలి యాడక తుంగకొనల వ్రేలాడు మంచుబిందువులు సైతము రాలుట మఱచియుండగా మొలలోతు మించని తుంగకుంట ముసుగుదన్ని పండుకొనిన ముదుసలివలె కదలక మెదలక పడియుండెను.

ఆ కుంటలో జాలరి నాంచారయ్య నాలుగేండ్లుగా సాకిన తల్లిచేపలు మున్నూఱు కలవు. రాబోవు తొలకరిని ఆ చేపల పిల్లలతోడనే చుట్టుపట్ల చెఱువులన్నియు నిండవలసియుండెను. ఐదవనాటి వేకువను గట్టెక్కిన యాతనికి పసిబిడ్డలు పాలు గుడుచునట్టి చప్పుడు నీటిపై వినవచ్చెను. బొచ్చెలును శీలావతులును మూతులు పైకెత్తి గాలిని గ్రుక్కలుగా మ్రింగుచుండెను. ఎండలేమి నాచు చచ్చి కుళ్ళి నీటిలోని యూపిరిని హరించెనని యాతడు గ్రహించెను. నీటిని ఎగజిమ్మి గాలి త్రాగింపనిచో జాముసేపటిలో కుంటనిండ తెల్లని పొట్టలే తేలును.

ఎగజిమ్ముటకు గూడ యను సాధనము కలదు. ఇరువు రెదురెదురుగ నిలిచి త్రాళ్ళుపట్టి యూపుచు నీరెత్తు బుట్ట యది. బుట్ట నాంచారయ్య యింటను త్రాళ్ళు వాని యక్కమగడు ఏడుకొండలు ఇంటను ఉండెను. రెండేండ్లక్రిందట తన కూతుపెండ్లి విందున ఏడుకొండలు మేనమామకు మర్యాదగా చెల్లవలసిన బొచ్చె తలకాయను బావమఱదికి గాక క్రొత్త వియ్యంకునికి వడ్డింపించెను. నాంచారయ్య చేయి కడిగికొని లేచెను. నాటినుండి ఆ కరపై సాటిలేని గూడకాండ్రని పేరుపడిన యిరువురకును మాటలు లేవు. త్రాళ్ళు వేఱు దొరకును గాని ఆ యూపున కందివచ్చు చేయి వేఱు దొరకదు.

నాంచారయ్య యింటికేగి బుట్టను నెత్తికెత్తుకొని బావయింటి వైపు మంచులో నడచెను. గట్టునడుమ నెదురుగ దగ్గు వినబడెను. భుజమున త్రాళ్ళతో ఏడుకొండలును వెనుక వాని యిల్లాలు తిరుపతమ్మయు వచ్చుచుండిరి.

“చేపలు గుటకలేస్తన్నాయని మీ అక్క లేపింది. నా అంతట నేను రాలేదు” అనెను ఏడుకొండలు.

“నేనూ మా అక్క కోసమే వస్తన్నా. నీ కోసం కాదులే బావా.”

“పలకనోళ్ళు పలికారుగా. ఇక నీళ్ళలో దిగండి” అనెను తిరుపతమ్మ.

దిగిరి. మొదటి పదియూపులును వంకరబోయెను. ఒక బుట్టెడు మంచునీరు నాంచారయ్య ముఖముననే పడెను.

“చేపలకి పొయ్యమంటే నాకు పోస్తన్నావేంటి బావా?”

“ఆనాడు తినని తలకాయ పులుసు ఇంకా నీ మూతికి అంటుకునే ఉంది. కడుగుదామని.”

నాంచారయ్య నవ్వునాపుకొనలేకపోయెను. నవ్వుతోడనే యూపు కుదిరెను. అటుపిమ్మట బుట్ట యెగసిన ప్రతిమాఱును నీరు నిలువెత్తున చెదరి వానవలె కుంటపై గురియుచుండెను. తుంగ కోయవచ్చిన స్త్రీలు గట్టుపై నిలిచిరి.

“కుంటలో నీళ్ళు తోడి కుంటలోనే పోస్తన్నారు. మంచు బుర్రకెక్కిందేమో” అనెను వారిలో నొకతె.

“మా బుర్రల సంగతి తర్వాత. ముందు తట్టలు పట్టుకుని దిగండే” అనెను తిరుపతమ్మ.

వారును చీరలు ఎగదోపి దిగిరి. పండ్లు కొట్టుకొను చలిలో నొకరిపై నొకరు చల్లుకొనుచు తిట్టుకొనుచు నవ్వుకొనుచు కుంటనంతయు కలకలమొనర్చిరి.

రెండుగడియల ప్రొద్దెక్కునప్పటికి మంచుతెర చినిగి యెండ పడెను. నాలుగు చేపలు మాత్రము దక్కలేదు. తక్కినవన్నియు నొకటొకటిగా మూతులు మూసికొని నీటియడుగునకు దిగిపోయెను. అన్నిటికంటె పెద్దదైన బొచ్చె కడపట తోక విదిలించి మునుగగా లేచిన వలయము రెండుగట్లను ముట్టెను.

స్త్రీలు గట్టెక్కి కొంగులు పిండుకొనుచుండిరి. నీటిపై నొక్క మూతియు లేదు. అయినను బావమఱదుల గూడ యాగలేదు. చాలునను మాట ముందుగ ననుటకు ఆ యిరువురిలో నెవ్వరికిని మనసొప్పలేదు.