సిద్రో కుట్టిన గుర్రపుడెక్క పూలు

పెళ్ళయి ఇరవై మూడు రోజులైంది. ఇంకా రోజులు లెక్కపెట్టుకుంటున్నానని మా అత్తగారు నవ్వుతారు. నవ్వనీ. ఈ ఇరవై మూడు రోజుల్లో నేను తెలుసుకున్న సంగతులు ఒక నోటుపుస్తకానికి సరిపడా ఉన్నాయి. నా మొగుడు సిద్రో వేడి రొట్టెను కాఫీలో ముంచుతాడు, అది తెగి కప్పులో పడిపోతే లోకమే మునిగిపోయినట్టు చూస్తాడు. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కూడా అతని కుడిచేతి వేళ్ళు కదులుతూనే ఉంటాయి, ఏదో కనపడని దారాన్ని పైకి లాగుతున్నట్టు.

సిద్రో కుట్టుపనివాడు. మా దేశంలో మగవాళ్ళు పెళ్ళిళ్ళకు వేసుకునే పల్చటి బారోంగ్ చొక్కాలకు పువ్వులు కుట్టడం అతని పని. కలంబాలో పుట్టి పెరిగిన నాకు మొదట్లో వింతగా ఉండేది గానీ, అతని ఊరు లుంబాన్‌లో ఇది వింత కాదు. ట్రైసైకిల్ స్టాండులో సవారీ దొరికేదాకా బట్ట బిగించిన చట్రం ముందేసుకుని కుట్టే డ్రైవర్లున్నారు. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరైన ఒక పెద్దాయన కుట్టే ఆకుల ఈనెలు చూస్తే ఆకు తడిగా ఉందేమో అనిపిస్తుంది. అబద్ధమాడను, నేను సిద్రోను ప్రేమించింది కూడా అతను చట్రం మీదకు వంగి ఉండగా చూసే.

మా ఇంటి ముందుగదిలో ఆ చట్రం మంచమంత ఉంటుంది. దాని మీద ఇప్పుడు బిగించి ఉన్నది అనాసనార బట్ట. ఎంత పల్చనంటే దాని కింద చెయ్యి పెడితే అరచేతి గీతలు కనిపిస్తాయి. మూడు నెలలుగా సిద్రో దాని మీద గుర్రపుడెక్క పూలు కుడుతున్నాడు. మా ఊరి పక్క సరస్సంతా అల్లుకుపోయి పడవలకు అడ్డం పడే ఆ కలుపుమొక్కను జాలర్లు రోజూ తిట్టుకుంటారు. బారోంగ్ మీద మల్లెలు కుడతారు, వరికంకులు కుడతారు, గుర్రపుడెక్కను ఎవరూ కుట్టలేదు.

"తిట్లు తినీ తినీ అంత అందంగా పూస్తుంది, దానికో చొక్కా దక్కొద్దా?" అన్నాడు నేను అడిగితే.

మనిలాలో దుకాణమున్న మేడమ్ సెలీ ఆ నమూనా చూసి ముచ్చటపడి, ఒక పెద్దింటి పెళ్ళి కోసం అలాంటివే పన్నెండు కావాలంది. మొదటిది పూర్తి కావస్తోంది. పూల నడుమ జాలీ ఒక్కటే మిగిలింది. జాలీ అంటే బట్టలోంచి పోగులు లెక్కపెట్టి లాగేసి, మిగిలిన పోగుల్ని దారంతో కట్టి చిన్న చిన్న కిటికీల్లా చేయడం. ఒక పోగు అటూఇటూ అయిందా, ఛాతీ భాగమంతా అడ్డంగా గీత పడుతుంది. దానికిక మందు లేదు.

సోమవారం మేడమ్ ఫోన్ చేసింది. దుకాణంలో పెద్ద తెర పెడుతున్నారట. బారోంగ్ ఎలా పుడుతుందో దాని మీద రోజంతా చూపిస్తారట. గురువారం కెమెరా తీసుకొస్తానంది.

"కొత్త కోడలు వచ్చిందటగా, చక్కని పిల్లట. ఆ పిల్లను చట్రం ముందు కూర్చోబెట్టండి. సన్నని వేళ్ళు, తలవంచిన మొహం, కిటికీలోంచి వెలుతురు... అది చాలు నాకు."

ఫోను స్పీకరులో ఉంది. నేను గాల్లో తేలిపోయాను. దాచడమెందుకు, నిజంగానే తేలిపోయాను. పెళ్ళికి కొన్న సీతాకోకచిలుక చేతుల గౌను మళ్ళీ వేసుకునే వంక దొరికింది. అది ఇస్త్రీ చేస్తూ పాటలు పాడుకున్నాను. ఇస్త్రీ సగంలో ఉండగా తట్టింది.

"సిద్రో, నేను చట్రం దగ్గర కూర్చుంటే నువ్వెక్కడ కూర్చుంటావ్?"

"వెనక. చేపలు శుభ్రం చేస్తుంటా."

"ఎందుకు?"

"ఎప్పుడూ అంతేగా." చాలా మామూలుగా అన్నాడు. "నాలుగేళ్ళ నుంచి మేడమ్ వచ్చినప్పుడల్లా నేను లేచి వెనక్కి పోతాను. ఆవిడ దుకాణంలో ఉన్న ఫోటోలో నా కుట్టు మీద ఎవరిదో చెయ్యి ఉంటుంది. ఎర్ర గోళ్ళు. ఆ గోళ్ళతో కుడితే బట్ట చిరుగుతుందని కూడా తెలీదు పాపం."

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"నీకేమీ అనిపించదా?"

"నా కుట్టు నాకు తెలుసు."

"నీకు తెలిస్తే సరిపోతుందా? మూడు నెలలు కళ్ళు పోగొట్టుకుంది నువ్వు. ఆ తెర మీద నన్ను చూసి ఆహా ఏం పనితనమని జనం అనుకోవాలా? నాకు గుండీ కుట్టడం కూడా రాదు!"

"వస్తుంది. మొన్న నా చొక్కాకి కుట్టావుగా."

"అది సాయంత్రానికే ఊడిపోయింది!"

వంటింట్లోంచి మా అత్తగారు అందుకున్నారు. ఆవిడ పేరు పురిటా. ఊరంతటికీ ఆవిడ నానాయ్, అంటే అమ్మ. నాకూ నానాయే.

"ఏయ్ పిల్లా, ఎందుకంత అరుస్తావ్? ఒక్క గంట బొమ్మలా కూర్చోవడానికి నీ సొమ్మేం పోతుంది? మేడమ్‌కి ఆడపిల్ల కావాలి, నువ్వున్నావ్. వీడి మీసాలు చూపించి ఎవరికి అమ్ముతుంది ఆవిడ?"

"ఆ మీసాలకేమైంది నానాయ్? నాకు నచ్చే చేసుకున్నాను."

"నచ్చితే నువ్వు చూసుకో, మనిలా ఎందుకు చూడాలి?"

అక్కడితో మాట ఆగిపోయింది. ఏడాదంతా ఇంటికి పని ఇచ్చే మనిషి మేడమ్ సెలీ. నానాయ్ మొహంలో ఆ భయం కనిపించింది, అందుకే నేనూ నోరు మూసుకున్నాను. గురువారం దాకా మూసుకునే ఉన్నాను. ఇన్ని రోజులు నోరు మూసుకోవడం నా జీవితంలో అదే మొదలు.

గురువారం పొద్దున్న తెల్లటి వ్యాను మా సన్నని వీధిలోకి ఇరుక్కుంటూ వచ్చి ఆగింది. మేడమ్ దిగింది. వెనకే వికో అనే కెమెరా మనిషి. అతను వచ్చీరాగానే వంటింటి వాసన పీల్చి, "తెల్ల జున్నా? ఇక్కడి జున్ను గురించి చాలా విన్నాను," అన్నాడు. వెంటనే నాకు నచ్చేశాడు.

సిద్రో చట్రం ముందు నుంచి లేచాడు. సూదిని బట్ట అంచున గుచ్చి, కూర్చున్న చిన్న పీటను చేత్తో తుడిచి నాకు చూపించాడు. వెనక్కి వెళ్ళిపోయాడు. అతను పీట తుడవడం చూడకపోయి ఉంటే ఆ రోజు ఏమయ్యేదో నాకు తెలీదు.

కూర్చున్నాను. మేడమ్ నా గడ్డం పట్టుకుని కాస్త కిందికి వంచింది. "ఆఁ, అలా. కళ్ళు దించు. దేవుడి ముందున్నట్టు." జుట్టు భుజం మీదకు సర్దింది. కిటికీ అవతల మా పక్కింటి ట్రైసైకిల్ డ్రైవరు మాంగ్ టెమ్యోంగ్ ఊచలకు ముక్కు ఆనించి చూస్తున్నాడు.

"ఇప్పుడు ఒక పోగు లాగు," అంది మేడమ్. "మెల్లగా, వెలుతురులోకి."

సూది పట్టుకుని చూశాను. కాలేజీలో మైక్రోస్కోపు కింద ఉల్లిపొర కణాలు లెక్కపెట్టినదాన్ని నేను. ఈ పోగుల్ని మాత్రం విడదీసి చూడలేకపోయాను. పువ్వు నడుమ వందల గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.

"ఏ పోగు?" అన్నాను.

"ఏదైతేనేం? కెమెరా కోసమే కదా. ఏదో ఒకటి లాగెయ్."

కిటికీ దగ్గర మాంగ్ టెమ్యోంగ్ "అయ్యో తల్లీ!" అని గట్టిగా అరిచాడు. వంటింటి గుమ్మంలో నానాయ్ చేతిలోని గరిటె కిందపడింది. చట్రం మీద బిగించిన బట్ట గురించి ఆ మాట అనే మనిషి మా ఊళ్ళో పుట్టి ఉండడు.

నేను సూదిని మళ్ళీ బట్ట అంచున గుచ్చి లేచాను.

"లాగను."

"ఏమ్మా?"

"ఏ పోగు లాగాలో నాకు తెలీదు మేడమ్. తెలిసిన మనిషి వెనక చేపలు తోముతున్నాడు. సిద్రో! ఇలా రా!"

"వాడెందుకిప్పుడు?" అంది మేడమ్.

"ఇది అతని పని కాబట్టి. ఒక్క ఆకు కూడా నేను కుట్టలేదు. నా చెయ్యి దీని మీద పెట్టి చూపిస్తే అది అబద్ధం. నేను ఆడను. సిద్రో! వినపడట్లేదా, చెవుల్లో పొలుసులు పడ్డాయా?"

సిద్రో వచ్చాడు. మోచేతుల దాకా చేప పొలుసులు మెరుస్తున్నాయి. నన్ను చూశాడు, మేడమ్‌ని చూశాడు, ఆ తర్వాత బట్ట క్షేమంగా ఉందా లేదా అని చూశాడు.

"చేతులు కడుక్కుని కూర్చో," అన్నాను.

"లివాయ్..." అని నా పేరు పిలిచాడు.

"కూర్చో. లేదా కలంబా బస్సెక్కుతాను, ఈ గౌనులోనే."

అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. అటు తిరిగేటప్పుడు నవ్వాపుకోవడం నాకు కనిపించింది. అంత గందరగోళంలోనూ నాకు ముద్దొచ్చాడు.

మేడమ్ మా అత్తగారి వైపు తిరిగింది. "పురిటా, కోడలికి కాస్త బుద్ధి చెప్పు. మగవాళ్ళు కుట్టారంటే కొనేవాళ్ళకు నచ్చదు. వాళ్ళు కొనేది చొక్కా ఒక్కటే కాదు, వెనకున్న కథ కూడా. ఎప్పుడో కన్యాస్త్రీలు ఈ ఊరి ఆడపిల్లలకు నేర్పిన కళ అని..."

నానాయ్ కిందపడ్డ గరిటె తీసుకున్నారు. ఆవిడ మేడమ్ పక్కకే వెళతారనుకున్నాను.

"కన్యాస్త్రీలు ఎవరికి నేర్పారో నాకు తెలీదు మేడమ్," అన్నారు. "నాకు నేర్పింది మాత్రం వీడి నాన్న."

ఆవిడ గరిటెతో నా వైపు చూపించారు.

"పెళ్ళయి వచ్చినప్పుడు నాకూ ఏమీ రాదు, అచ్చం దీనిలాగే. ఆయన జాలరి. తుపాను రోజుల్లో పడవ సరస్సులోకి దిగదు కదా, ఇంట్లో చట్రం ముందు కూర్చునేవాడు. వలలు బాగుచేసిన చేతులకు జాలీ ఒక లెక్కా? నా చెయ్యి పట్టుకుని, ఇది వదిలెయ్, ఇది లాగు అని నేర్పాడు. ఆయన పోయి ఎనిమిదేళ్ళు. మీరు రావడం మొదలెట్టినప్పటి నుంచి, ఎవరు నేర్పారని అడిగితే మా అమ్మ అని చెబుతూ వస్తున్నాను. మా అమ్మ గంపలో చేపలమ్మింది. సూది ఎరగదు."

"ఈ కథలు తర్వాత మాట్లాడుకుందాం పురిటా."

"మీరు అమ్ముతున్నదే కథ అన్నారుగా? తప్పు కథ అమ్ముతున్నారు. అదీ నా నోటితో చెప్పించి." ఆవిడ ఆగలేదు. "వాడు కూర్చుంటాడు. తీస్తే వాడిని తీయండి. లేకపోతే వద్దు."

మేడమ్ బ్యాగు భుజాన వేసుకుంది. "సరే. పన్నెండూ వేరేవాళ్ళకు ఇస్తాను. ఈ ఊళ్ళో చట్రాలకు కరువా?"

"నాకివ్వండి మేడమ్!" కిటికీలోంచి మాంగ్ టెమ్యోంగ్ చెయ్యెత్తాడు. "కాకపోతే చిన్న చిక్కుంది, నాకూ మీసాలున్నాయి. గెడ్డం కూడానూ."

వికో ఫక్కున నవ్వి, మేడమ్ చూపు తగలగానే దగ్గాడు.

వాళ్ళు వ్యాను ఎక్కారు. కానీ మా వీధి ఎంత సన్ననిదో మేడమ్ మరిచిపోయినట్టుంది. వెనక్కి పోదామంటే మాంగ్ టెమ్యోంగ్ ట్రైసైకిల్ అడ్డంగా ఉంది. ఆయన తీరిగ్గా ఇంట్లోకి వెళ్ళి బండి తాళాలకు బదులు చట్రం పట్టుకొచ్చాడు. దాన్ని ట్రైసైకిల్ సీటు మీద ఆనించి కుట్టడం మొదలుపెట్టాడు.

"మాంగ్ టెమ్యోంగ్, బండి తియ్యండి, హారన్ కొడుతున్నారు!" అని ఎవరో అరిచారు.

"ఈ ఆకు సగంలో ఉందిరా! ఆకు మధ్యలో ఆపితే వంకర పోదూ?"

రిటైరైన పోలీసాయన కళ్ళజోడు ముక్కు మీదకు జార్చి తన చట్రంతో అరుగు మీదకొచ్చాడు. ఎదురింటి అన్నదమ్ములిద్దరూ ఒకే పొడవాటి చట్రాన్ని చెరోవైపు మోసుకొచ్చి, రోడ్డు మధ్యలో దించి, ఎవరు ఎటు కూర్చోవాలని అక్కడే పోట్లాడుకున్నారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. మా ఇంట్లో మాట పైకి లేస్తే వీధంతటికీ వినపడుతుంది, అంతే.

సిద్రో తన చట్రం మోసుకుని గుమ్మంలోకి వచ్చాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. గౌను చేతులు రెండుసార్లు తలుపుకు తగులుకున్నాయి. వీధి వెలుతురులో బట్ట మీద గుర్రపుడెక్క పూలు నీళ్ళ మీద ఉన్నంత తాజాగా కనిపించాయి. అతను వంగి, పువ్వు నడుమ పోగులు పెదవులతో లెక్కపెట్టుకుని, ఒకటి ఎత్తి లాగాడు. ఎక్కడా తెగకుండా జారుతూ వచ్చింది.

వ్యాను కిటికీ అద్దం దిగింది. వికో తల బయటపెట్టాడు, కెమెరాతో సహా.

"అన్నా, పేరేమిటి?"

సిద్రో వీధంతా వినేలా, కొత్త పిల్లాడికి పేరు పెడుతున్నట్టు, "ఇసిద్రో బలదేరాస్," అన్నాడు. "జాలరి క్రిసాంతో బలదేరాస్ కొడుకుని. ఈ పూలు నావి."

లోపలి నుంచి మేడమ్ ఏదో అంది. అద్దం పైకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలాసేపటికి మాంగ్ టెమ్యోంగ్ ఆకు పూర్తయింది, బండి కదిలింది, వ్యాను వెళ్ళింది.

ఆ పన్నెండూ పోయాయి. మేడమ్ ఊళ్ళో మరో మూడిళ్ళు తిరిగిందట. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు కాదన్నారో మేం అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా లేదు. ఎవరి పొయ్యి వారిది. వచ్చే నెల ఎలా గడుస్తుందో నానాయ్‌కి తెలీదు, నాకూ తెలీదు. బడిలో నాకు దొరికిన టీచరు ఉద్యోగం జూన్ నుంచి. అప్పటిదాకా జున్నూ రొట్టే తింటాం, అవి నాకిష్టమే.

కానీ చట్రం మాత్రం మళ్ళీ ముందుగది లోపలికి పోలేదు. గుమ్మంలోనే ఉంది, అడ్డంగా. నానాయ్ రోజుకు పదిసార్లు దానికి కాలు తగిలించుకుని కొడుకును తిడతారు, అయినా తీయమని మాత్రం అనరు. నిన్న మనిలా నుంచే ఇంకో దుకాణం ఆవిడ వెతుక్కుంటూ వచ్చింది. "కుట్టేవాళ్ళు లోపలున్నారా?" అని అడిగింది, సిద్రో భుజం మీదుగా ఇంట్లోకి తొంగి చూస్తూ.

"లోపల ఎవరూ లేరండి," అన్నాను నేను. "కుట్టే మనిషిని దాటి వెళ్ళాలనుకుంటున్నారు మీరు. ముందు ఆయనతో మాట్లాడండి."